మస్కట్ గదిలో రాసిన కట్నాలు

బుగ్గారం రాజమల్లు జగిత్యాల బస్టాండులో నిలబడి ఫోనులో ఒక ప్రకటన మీద వేలు పెడితే దాని ఖరీదు ఎనభై పైసలు. అదే రాజమల్లు మస్కట్‌లో పద్నాలుగు మంది పడుకునే రేకుల గదిలో కూర్చుని, అదే ప్రకటన మీద అదే వేలు పెడితే పదకొండు రూపాయలు. మనిషి అదే, ఫోను అదే, లుంగీ కూడా అదే. ఈ సంగతి నాకు మొదట చెప్పినవాడు మా తమ్ముడు అజయ్. వాడు దాన్ని ఒక గొప్ప విద్యలాగా చెప్పాడు. నాకు మాత్రం అంగడిలో ఎద్దు పళ్ళు చూసి ధర కట్టే బేరగాడు గుర్తొచ్చాడు. ఆ బేరగాడైనా నయం, ఎద్దు ఏ కొట్టంలో కట్టేసి ఉందని అడిగి ధర మార్చడు.

అజయ్ పోయి ఏడాదిన్నర అయింది. జగిత్యాలలో కోరుట్ల బస్సు కోసం నిలబడి ఉండగా గుండె ఆగింది. నలభై ఒక్క ఏళ్ళు. వాడు బతుకులో చాలా పనులు చేశాడు గానీ, ఉద్యోగం అని గర్వంగా చెప్పుకున్నది ఒక్కటే, అది కూడా తనకు తానే ఇచ్చుకున్నది. 'మన దిక్కు' అనే వెబ్‌సైటుకు యజమాని, విలేకరి, ప్రకటనల మేనేజరు అన్నీ తానే.

మాది తంగళ్ళపల్లి. మాకు భూమి ఎప్పుడూ లేదు. నాయిన సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, ఇరవై ఏళ్ళు బట్ట నేసి, ఆ దుమ్ముకు దగ్గి దగ్గి పోయాడు. మా అమ్మ ఐలవ్వ, మాకు అవ్వ, బీడీలు చుట్టి మమ్మల్ని చదివించింది. పెద్దదాన్ని, నేను సిరిసిల్లలో టీచరునయ్యాను. తమ్ముడు ఇంటరు తప్పి మస్కట్ పోయి తొమ్మిదేళ్ళు సిమెంటు మోశాడు. తిరిగి వచ్చేటప్పుడు నడుము నొప్పి, ఒక పాత ల్యాప్‌టాప్ తెచ్చుకున్నాడు. భార్య సౌమ్యది కోరుట్ల. అక్కడే తాజుద్దీన్ ఫ్లెక్సీల దుకాణం వెనక రెండు గదులు కిరాయికి తీసుకుని, అవ్వను కూడా తెచ్చుకుని కాపురం పెట్టాడు.

సైటు ఆలోచన మస్కట్ గదిలోనే పుట్టిందని చెప్పేవాడు. ఊళ్ళో ఎవరైనా పోతే అక్కడికి కబురు సరిగా చేరేది కాదు. వాట్సాప్‌లో ఒకే మనిషిని రెండుసార్లు చంపేవాళ్ళు, మంచంలో ఉన్నవాళ్ళను ముందే సాగనంపేవాళ్ళు. అదే గదిలో ఉండే రాజమల్లు ఒకసారి బతికి ఉన్న మేనమామ కోసం రెండు రోజులు అన్నం మానేశాడు. అందుకని అజయ్ 'మన దిక్కు'లో 'పోయినోళ్ళు' అని ఒక పేజీ పెట్టాడు. ఫొటో, ఊరు, వయసు, ఎవరి కొడుకు, ఎవరి కోడలు, దినాలు ఎప్పుడు. ఇంటికి తానే ఫోను చేసి, ఇంటివాళ్ళతో మాట్లాడాకే పెట్టేవాడు. పైసా తీసుకునేవాడు కాదు. వానలు, వడ్ల కొనుగోలు, కరెంటు కోతలు, బస్సుల వేళలు కూడా ఉండేవి. కానీ గల్ఫ్ గదుల్లో పొద్దున లేవగానే తెరిచేది 'పోయినోళ్ళు' పేజీనే. ఎవరూ పోలేదని చూసుకుని డ్యూటీకి పోయేవాళ్ళు.

ఆ జనాన్ని చూసి ప్రకటనల కంపెనీ వచ్చింది. వచ్చింది అంటే ఎవరో మనిషి వచ్చి కూర్చుని చాయ్ తాగాడని కాదు. ఆ కంపెనీలో మనిషన్నవాడి గొంతు మా తమ్ముడు చచ్చేదాకా వినలేదు. పేజీకి కుడివైపు ఒక డబ్బా వదిలిపెడితే అందులో వాళ్ళు ఏ ప్రకటన పెట్టాలో వాళ్ళే నిర్ణయించుకుంటారు. ఎవరైనా దాన్ని నొక్కితే అజయ్‌కి వాటా. చిరునామా సరిచూడ్డానికి దేశం బయటి నుంచి ఒక కవరు పంపారు, అందులో ఆరంకెల నంబరు. అది రావడానికి రెండు నెలలు పట్టింది. పోస్ట్‌మ్యాన్ దాన్ని పాస్‌పోర్టు సంగతేమో అనుకుని సంతకం పెట్టించుకుని మరీ ఇచ్చాడు. తన కొడుకు పేరు మీద అంత దూరం నుంచి ఒక కంపెనీ కాగితం రావడం అవ్వ అదే మొదటిసారి చూడడం. లామినేషన్ చేయించమంది. తాజుద్దీన్ నవ్వకుండా చేసి ఇచ్చాడు. ఆ కాగితం ఇప్పటికీ గోడకు ఉంది.

ఇక ఆ డబ్బాలో ఏమేం వచ్చాయో చెప్పాలి. అది పేజీలోని మాటలు చదివి, చదివేవాడి మనసు కనిపెట్టి, సరైన ప్రకటన చూపిస్తుందట. సిరిసిల్లలో ఆర్డర్లు లేక సాంచాలు బందయ్యాయని, ఒక ఇంట్లో పొయ్యి వెలగలేదని అజయ్ రాస్తే, దాని పక్కన వేరే రాష్ట్రపు చీరలు మూడు కొంటే ఒకటి ఉచితం అని వచ్చింది. చీరలన్న మాట చదివింది, ఆకలన్న మాట చదవలేదు. డెబ్బై ఎనిమిదేళ్ళ గంగమ్మ ఫొటో పక్కన జుట్టు రాలకుండా నూనె. పురుగుల మందు తాగిన రైతు పక్కన ఐదు నిమిషాల్లో అప్పు. దీనికి పెట్టిన పేరు గురి. ఇంత గుడ్డి గురిని కొలువులో పెట్టుకున్న కంపెనీ ప్రపంచంలోనే పెద్దదైందంటే, మిగతా ప్రపంచం సంగతి నేను చెప్పక్కర్లేదు.

అజయ్‌కి నా వెక్కిరింతలు పట్టేవి కావు. కంపెనీ లోపల మనకు కొన్ని మీటలు ఉంటాయని, ఏ రకం ప్రకటనలు వద్దో మనమే ఆపొచ్చని చూపించాడు. మొదట అప్పుల యాప్‌లను ఆపాడు. తర్వాత రమ్మీ. తర్వాత వశీకరణం బాబాలు. ఒక్కొక్కటి ఆపినప్పుడల్లా ఆదాయం ఒక మెట్టు దిగేది. చావు పేజీ పక్కన కూర్చోవడానికి డబ్బులిచ్చేవాళ్ళంతా దాదాపు అలాంటివాళ్ళేనని అప్పుడు తెలిసింది.

ఆ కాలంలోనే జగిత్యాలలో ఒక ఫంక్షన్ హాలులో మూడు రోజుల శిక్షణ పెట్టారు. కరీంనగర్ నుంచి ఒకాయన కోటు వేసుకుని, మే నెలలో, వచ్చాడు. ప్రతి సైటూ ఒక ఏటీఎం అన్నాడు. బీమా అన్న మాట పేజీలో నాలుగుసార్లు రాస్తే బీమా ప్రకటనలు వస్తాయని, అవి ఒక్క నొక్కుకు ముప్పై రూపాయలిస్తాయని చెప్పాడు. ఇంతటి రహస్యం తెలిసినవాడు మనిషికి రెండు వేలు ఫీజు కట్టించుకుని మూడు రోజులు ఎండలో ఎందుకు అరుస్తున్నాడని ఆ హాలులో ఒక్కరూ అడగలేదు. మా తమ్ముడు ముందు వరుసలో కూర్చుని రాసుకున్నాడు. మర్నాడు బుగ్గారం మనిషొకాయన చావు కబురు కింద, "వీరికి బీమా ఉన్నదో లేదో తెలియదు, బీమా ప్రతి ఒక్కరికీ అవసరం, మంచి బీమా ఎంచుకోవడం ఎలా" అని కనిపించింది. నేను ఫోను చేసి వాడికి చదివి వినిపించాను, అంతే, ఇంకేమీ అనలేదు. పది నిమిషాల్లో తీసేశాడు. ఆ పోయినాయన రాజమల్లు నాయిన. అదృష్టం బాగుండి రాజమల్లు ఆ రోజు డ్యూటీలో ఉన్నాడు.

ఇదంతా నవ్వుకునేందుకు బాగానే ఉంటుంది. కానీ ఇంట్లో ఒక సంగతి ముల్లులా ఉండేది. జగిత్యాల ఏజెంటు ఒకాయన అజయ్‌కి మళ్ళీ మస్కట్ వీసా తెచ్చి పెట్టాడు. పాస్‌పోర్టు ఆయన దగ్గరే ఉంది. నెలాఖరులోగా పోతానో పోనో చెప్పాలి. సైటు మీద అప్పటికి నెలకు ఆరేడు వేలు వస్తున్నాయి. ఇల్లు గడవాలంటే కనీసం పదిహేను. అజయ్ తానే గీత గీసుకున్నాడు. ఈ నెల పదిహేను దాటితే పోను, దాటకపోతే పోతాను. అవ్వకు కూడా అదే చెప్పాడు. పొద్దున లేవగానే ఫోను తెరిచి నిన్నటి లెక్క అవ్వకు చదివి వినిపించేవాడు. ఆవిడ బీడీ కట్టలు కట్టేవాళ్ళలాగా వేళ్ళ మీద కూడుకునేది.

ఇరవయ్యో తారీఖుకు తొమ్మిది వేలు అయింది. మిగతా ఆరు వేలు ఎక్కడ నుంచి వస్తాయో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత శుక్రవారం వచ్చింది, అది మస్కట్‌లో సెలవు. శనివారం పొద్దున లెక్క తెరిస్తే పదహారు వేలు దాటి ఉంది.

అజయ్ గంతులు వేయలేదు గానీ, అంతకంటే అసహ్యంగా గర్వపడ్డాడు. గల్ఫ్ చదువరుల మీద గురి పెట్టి ఆ వారం డబ్బాను పేజీ పైభాగానికి జరిపాడట. అది పనిచేసిందని తేల్చుకున్నాడు. తాజుద్దీన్‌కి దుకాణంలో ఒక గంట పాఠం చెప్పాడు. నాకు ఫోను చేసి, నువ్వు ఎద్దుల అంగడి అన్నవు గదా, ఇప్పుడు చూడు అన్నాడు. సోమవారం జగిత్యాల పోయి, ఏజెంటుకు వద్దని చెప్పి పాస్‌పోర్టు వెనక్కి తెచ్చుకున్నాడు. అవ్వ ఆ సాయంత్రం బూరెలు చేసింది.

గురువారం కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఉత్తరం అంటే ఫోనులో నాలుగు లైన్లు. మీ సైటులో సహజం కాని నొక్కుళ్ళు కనిపించాయి, మీ ఖాతా మూసేశాం, ఇంకా చెల్లించని మొత్తం ప్రకటనదారులకు తిరిగి ఇచ్చేస్తాం. కింద సంతకం లేదు. 'బృందం' అని ఉంది. మనిషిని చంపాక కూడా గుంపుగా నిలబడే పిరికివాళ్ళు రాసే మాట అది.

సహజం కానిది ఏం జరిగిందో అజయ్‌కి అర్థం కాలేదు. ఆదివారం నేను కోరుట్ల పోయాను. అవ్వకు ఇంకా ఏమీ చెప్పలేదని సౌమ్య వాకిట్లోనే నా చెవిలో వేసింది. మేమంతా కూర్చుని ఉండగా రాజమల్లు ఫోను వచ్చింది. అజయ్ ఎప్పట్లాగే అందరికీ వినబడేలా పెట్టాడు. అవ్వ పక్కనే చిక్కుడుకాయల నార తీస్తూ ఉంది.

"తమ్మీ, పుస్తకం ముంగట వెట్టుకున్న, చదువుతున్న ఇను," అన్నాడు రాజమల్లు. "మొండయ్య ఇరువై. సత్తయ్య ఇరువై అయిదు. రవీందర్ పదే, వానికి డ్యూటీ ఉండె, ఏమనుకోకు. తౌసీఫ్ ముప్పై, పక్క రూం పోరడు, మనోడే. నాయి నలభై."

మా దిక్కు పెళ్ళయినా, కొత్త ఇల్లయినా పందిట్లో ఒక మూల ఒకాయన నోటుబుక్కు పట్టుకుని కూర్చుంటాడు. వచ్చినవాళ్ళు చేతిలో పెట్టింది పేరుతో సహా రాసుకుంటాడు. దాన్నే కట్నాలు రాయడం అంటారు. రేపు వాళ్ళింట్లో ఏదైనా అయితే పుస్తకం తిరగేసి, అంతకు తక్కువ కాకుండా తీసుకుపోతారు. రాజమల్లు చదువుతున్నది సరిగ్గా ఆ గొంతుతోనే. కానీ ఆ అంకెలు రూపాయలు కావు.

"గివేందన్నా?" అన్నాడు అజయ్. వాడి మొహం అప్పటికే పాలిపోయింది.

"ఏందంటవేంది? నొక్కినయి. మా నాయిన సచ్చిపోతె ఫొటో వెట్టినవ్, ఒక్క పైస ముట్టినవా? ఇంతమంది ఇండ్లల్ల వెట్టినవ్. అవ్వ ఫోన్ జేసి, నా కొడుకు మల్ల రావద్దు బిడ్డా, గా డబ్బల జర నొక్కుండ్రి అన్నది. శుక్రారం నాలుగు రూములోళ్ళం కూసున్నం. వేలు గుంజింది, గంతే."

ఆరువందల ముప్పై నొక్కుళ్ళు. ఒకే చోటి నుంచి, ఒక్క పూటలో, పేరుపేరునా రాసి పెట్టినవి. ఇవ్వడం తప్ప ఇంకేమీ తెలియని మనుషులు, తీసుకోవడం తప్ప ఇంకేమీ తెలియని ఒక యంత్రం నోట్లో కట్నం పెట్టారు. దానికి దొంగతనమని పేరు పడింది.

అజయ్ అవ్వ వైపు చూశాడు. ఆవిడ చిక్కుడుకాయ చేతిలో అలాగే పట్టుకుని, చేసిన మేలు బయటపడినందుకు సిగ్గుపడుతున్నట్టు తల వంచుకుని నవ్వుతోంది.

"ముట్టినయన్నా, మాకు అందినయ్," అన్నాడు. "అందరియి ముట్టినయ్. అందరికి పేరుపేరున చెప్పు."

ఫోను పెట్టేశాక వాణ్ణి వాకిట్లోకి లాక్కుపోయి తిట్టాను. చెప్పెయ్యమన్నాను. ఆ నాలుగు గదులవాళ్ళూ కలిసి వాడి నోటి కాడి కూడు నేలపాలు చేశారని తెలియనీ అన్నాను. వాడు చెప్పుల వైపు చూస్తూ, "చెప్తె అవ్వ ఇంటది గదక్కా," అన్నాడు.

ఆ రాత్రి కంపెనీకి అప్పీలు రాయడానికి కూర్చున్నాం. ఇంగ్లీషు నాది. ఏం జరిగిందో వివరించండి అని ఒక చిన్న గడి ఇచ్చారు. ఏం వివరించాలి? నిజం రాస్తే అదే నేరం ఒప్పుకోవడం. స్నేహితులతో, చుట్టాలతో నొక్కించుకోకూడదనేది వాళ్ళ మొదటి నియమం. అబద్ధం రాయడానికి మాకు చాతకాలేదు. కట్నాల పుస్తకం గురించి ఆరు లైన్లు రాశాను. చక్కగా వచ్చిందని కూడా అనుకున్నాను. పదకొండు గంటలు తిరక్కుండానే జవాబు వచ్చింది. నిర్ణయం మారదు. దాన్ని ఎవరైనా చదివారని నేను నమ్మను. చదివినవాళ్ళు ఉంటే వాళ్ళను ఇంకా నమ్మను.

అజయ్ మళ్ళీ ఏజెంటు దగ్గరికి పోలేదు. ఆ వీసా అప్పటికే ఇంకొకరికి పోయింది, అది ఒక కారణం. తాజుద్దీన్ దుకాణంలో ఫ్లెక్సీలు డిజైన్ చేసే పనికి కుదిరాడు. పుట్టినరోజు నాయకులు, ప్లాట్ల వెంచర్లు, ర్యాంకుల బడులు. ఒక చిట్టీల ఆసామి తన మొహం చనిపోయిన తన తండ్రి మొహం కంటే పెద్దగా ఉండాలని శ్రద్ధాంజలి ఫ్లెక్సీ మూడుసార్లు మార్పించాడు. అక్కడ కూడా ప్రకటనలే. కాకపోతే వాటికి గురి అక్కర్లేదు, చౌరస్తాలో కట్టేస్తే చాలు. ఆ జీతాన్నే సైటు డబ్బులని అవ్వ చేతిలో పెట్టేవాడు. తాజుద్దీన్ ఆ నాటకంలో తన వంతు తప్పకుండా ఆడాడు. అవ్వ ఎదురుపడితే, "అజయ్ భాయ్ సైటు మస్తు నడుస్తున్నదవ్వా," అనేవాడు.

సైటు మాత్రం ఆపలేదు. రాత్రి దుకాణం నుంచి వచ్చాక కబుర్లు పెట్టేవాడు. ప్రకటన ఉండే డబ్బాను కూడా తీసెయ్యలేదు. పేజీకి కుడివైపు, ఏమీ లేకుండా, తెల్లగా. ఎందుకురా అని అడిగితే, తీస్తే పేజీ అంతా సర్దాలక్కా, తీరిక లేదు అన్నాడు. రెండేళ్ళు తీరిక దొరకలేదు.

వాడు పోయిన రోజు 'పోయినోళ్ళు' పేజీలో పెట్టాల్సింది నేనే అయ్యాను. లోపల కబుర్లు పెట్టడానికి వాడు చేసుకున్న ఫారం ఉంది. పేరు, ఊరు, వయసు, ఎవరి కొడుకు. అన్నిటి కింద ఒక చిన్న గడి: ఇంటివాళ్ళతో మాట్లాడినవా? అందులో టిక్కు పెడితే తప్ప అది ముందుకు పోదు. రెండుసార్లు పెట్టకుండా నొక్కి చూశాను. పోలేదు. టిక్కు పెట్టాను.

మూడో రోజు రాజమల్లు ఫోను చేశాడు. వెనక నుంచి చాలామంది ఊపిరి వినబడుతోంది.

"అక్కా, రూమంత కూసున్నం. పుస్తకం తీసినం. యాడ నొక్కాలె? డబ్బ ఖాళీగున్నది."

రెండేళ్ళుగా ఈ మనిషికి చెప్పాల్సిన జవాబు నా నోట్లో ఉంది. ప్రతి మాటా ఎంచి పెట్టుకున్నాను. నోరు తెరిచేలోగా అవ్వ చెయ్యి చాచింది. ఫోను ఇచ్చాను.

"రాజమల్లూ, నొక్కకుండ్రి బిడ్డా," అంది. "గప్పుడు మీరు నొక్కితెనే గది మూతవడ్డది. నేనే నొక్కుమన్న."

అటువైపు పుస్తకం కాగితాలు తిరిగిన చప్పుడు అయింది. తర్వాత రాజమల్లు గొంతు చిన్నగా వచ్చింది.

"మరి ముట్టినయన్నడు గదవ్వా?"

"ముట్టినయ్ బిడ్డా. గందుకే గదా పాస్‌పోర్ట్ తెచ్చుకున్నడు. రెండేండ్లు నా కండ్ల ముంగట తిన్నడు, పండుకున్నడు. ఎవ్వరియి ఉట్టిగ పోలే. పుస్తకం మూయుండ్రి."

ఎప్పుడు తెలిసిందని తర్వాత అడిగాను. పొద్దున లేవగానే లెక్క చదివేటోడు, గా నొక్కిన వారం సంది చదువుడు బందు వెట్టిండు, గది తెల్వదా అంది. తాజుద్దీన్‌కి మాత్రం తనకు తెలుసని చెప్పొద్దంది, పాపం చాలా బాగా ఆడాడట.

దినాలు అయ్యేదాకా ఆ పదకొండు రోజుల్లో అజయ్ పేజీని ఆరువేల మందికి పైగా చూశారు. సగం పైన గల్ఫ్ నుంచే, కంపెనీ లెక్కలో ఖరీదైన జనం. ఇప్పుడు సైటు నా చేతిలో ఉంది. వారానికి ఒకటో రెండో ఉత్తరాలు వస్తాయి, మీ పేజీలో ఖాళీ స్థలం ఉంది, దాన్ని డబ్బుగా మార్చుకోండి అని. జవాబివ్వను. ఇంటింటికీ ఫోను చేసి అడిగి, టిక్కు పెట్టి, కబురు పెడతాను. డబ్బా అలాగే ఉంది. సర్దడానికి నాకూ తీరిక లేదు.